ఆగగలిగినోడు, ఆగలేనోడు: మా చిత్తూరు నుంచి గ్లోబలైజేషన్ లెక్క

2025 జూన్ చివర్లో మా మామ ట్రాక్టర్ నిండా తోతాపురి మామిడికాయలు వేసుకుని ఒక పల్ప్ (గుజ్జు) ఫ్యాక్టరీ గేటు బయట లైన్లో నిలబడ్డాడు. వాళ్లది తవణంపల్లె పక్క, తోట మూడెకరాలు, చెట్లకి పాతికేళ్లుంటాయి. నేను తిరుపతి నుంచి వచ్చి తోడుగా ఉన్నా. ముందర ఎన్ని బండ్లున్నాయో చూద్దామని నడుచుకుంటూ పోతే నూట ఇరవై దాకా లెక్కపెట్టి ఇంగ విసుగొచ్చి వెనక్కి వచ్చేశా. మొదటి రోజు కాయ గట్టిగా ఆకుపచ్చగానే ఉండింది, రెండో రోజుకి పై వరుస పసుపు తిరిగింది, మూడో రోజు పొద్దున్నే టార్పాలిన్ ఎత్తితే కింద నుంచి పులిసిన వాసన, ట్రాలీ సందుల్లోంచి రసం కారి రోడ్డు మీద ఈగలు. మామ మళ్లీ టార్పాలిన్ కప్పేసి, "మూడు దినాలు ఈడ్నే ఉంటే మనిషే మగ్గిపోతాడబ్బోడా, కాయెంత" అన్నాడు.

చివరికి మెత్తబడిన కాయంతా పక్కన తీసేయించి మిగతాదానికి తూకం వేశారు.

గ్లోబలైజేషన్ మంచిదా చెడ్డదా అనేది టీవీ డిబేట్లలో, కాలేజీ వ్యాసరచన పోటీల్లో, గ్రూప్స్ పరీక్షల్లో ముప్పై ఏళ్లుగా నలుగుతా ఉన్న ప్రశ్న. డిగ్రీలో నేనూ రాశా, అటు అయిదు పాయింట్లు, ఇటు అయిదు పాయింట్లు, చివర్లో రెండంచుల కత్తి అని ఒక ముక్క తగిలించి మార్కులు తెచ్చుకున్నా. ఆ లైన్లో మూడు రోజులు గడిపాక తెలిసొచ్చింది ఏంటంటే ఆ పాయింట్లు తప్పని కాదు, అన్నీ కరెక్టే, కానీ లాభం ఒకడికీ నష్టం ఇంకొకడికీ వస్తున్నప్పుడు రెండూ కూడి తీసి "మొత్తం మీద లాభమేలే" అంటే ఆ మొత్తం ఎవడి జేబులో ఉందో కూడా చెప్పాలి కదా. ఆ జేబు ఎవరిదో తేలేది దేనివల్ల అని చూస్తే నాకు కనపడింది ఒకటే. ఎవడు ఎన్నాళ్లు ఆగగలడు అనేది.

ముందు ఈ కాయ సంగతే చూద్దాం. తోతాపురిని మా పక్క బెంగుళూరా అని కూడా అంటారు, పొడుగ్గా ఉండి కొసన ముక్కు తిరిగి ఉంటుంది. పచ్చి కాయ ముక్కలు కోసి ఉప్పూ కారం చల్లుకుంటే దానికి సాటి లేదు గానీ పండు తినాలంటే ఎవరైనా బేనీషానే (బంగినపల్లి) అడుగుతారు. తోతాపురి ఎక్కువ పోయేది గుజ్జుకే. చిత్తూరు చుట్టుపక్కల ఇన్ని పల్ప్ ఫ్యాక్టరీలు లేచాయంటే, మెట్ట చేలల్లో చెనక్కాయ (వేరుశనగ) మానేసి జనం మామిడి పెట్టారంటే, గల్ఫ్‌లోనూ యూరప్‌లోనూ జ్యూస్ కంపెనీలకి మన గుజ్జు కావాలి కాబట్టే, మన దేశంలో బాటిళ్లలో అమ్మే మ్యాంగో డ్రింకులకి కూడా అదే గుజ్జు. అంటే మామ తోట ఉండడమే గ్లోబలైజేషన్ పుణ్యం, ఇది మామ కూడా కాదనడు, 2000 తర్వాత కట్టిన మిద్దె ఆ కాయ దుడ్లతోనే కట్టాడు.

ఫ్యాక్టరీలో ఏం చేస్తారంటే గుజ్జు తీసి, వేడి చేసి క్రిములు చంపి, గాలి తగలని సంచుల్లో నింపి ఆ సంచుల్ని రెండొందల కేజీలకి పైగా పట్టే ఇనప డ్రమ్ముల్లో పెడతారు. అట్లా సీల్ చేసిన గుజ్జు ఫ్రిజ్ అవసరం లేకుండా ఏడాదిన్నర, రెండేళ్లు ఉంటుంది. ఇప్పుడు గడువులు వరసగా పెట్టి చూడండి. చెట్టు మీద తయారైన కాయకి వారం పది రోజులు, కోసిన కాయకి నాలుగు రోజులు, డ్రమ్ములో గుజ్జుకి రెండేళ్లు, బ్యాంకులో డబ్బుకి అసలు గడువే లేదు. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో యెమెన్ హౌతీ తిరుగుబాటుదారులు ఓడల మీద దాడులు మొదలుపెట్టాక యూరప్ పోయే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చి రోజులూ పెరిగాయి, కిరాయీ పెరిగింది. 2025 సీజన్ వచ్చేసరికి ఫ్యాక్టరీల వాళ్ల మాట ఒకటే, పోయినేడాది గుజ్జే గోడౌన్లలో ఉంది, కొత్త కాయ ఎందుకు అని. అది అబద్ధమని నేననను. కానీ యెమెన్‌లో పేలిన బాంబు దెబ్బ కొనేవాడి దగ్గరా ఆగలేదు, ఫ్యాక్టరీ దగ్గరా ఆగలేదు, దొర్లుకుంటూ వచ్చి నాలుగు రోజుల గడువున్నోడి మీద పడింది. ఆ ఏడాది ప్రభుత్వం కేజీకి 12 రూపాయలు అంది, అందులో 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం అకౌంట్లో వేస్తుంది. మామకి గేటు దగ్గర ఆ లోడుకి రాసిచ్చింది కేజీకి 5. ఎనిమిది కదా అని అడిగితే, ఇష్టముంటే దించు లేకపోతే తీసుకుపో అన్నారు. మూడు రోజుల లైన్ తర్వాత తీసుకుపోయేది యాడికి?

అదే జూన్లో ఇంకోటి జరిగింది, ఎకనామిక్స్ పాఠం చెప్పేవాళ్లు దీన్ని పుస్తకంలో పెట్టుకోవాలి. కర్ణాటక తోతాపురి మన జిల్లాలోకి రాకుండా చిత్తూరు కలెక్టర్ ఆర్డర్ వేశారు, చెక్‌పోస్టుల్లో లారీలు ఆపేశారు. ఇక్కడి రైతులకి కొంచెం ఊపిరాడింది. అవతల కోలారు పక్క శ్రీనివాసపుర రైతు కాయ కూడా కొన్నేళ్లుగా వచ్చేది మన ఫ్యాక్టరీలకే, వాడి చెట్టు కింద కుళ్లింది. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు. డొనాల్డ్ ట్రంప్ మన సరుకు మీద సుంకం వేస్తే అన్యాయం అంటాం, మనమే పలమనేరు అవతల గేటు వేస్తే న్యాయం అంటాం. మామ తోటలో కూర్చుని ఆలోచిస్తే నాకు కూడా న్యాయమే అనిపించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

సరే, కొంచెం వెనక్కి పోదాం. 1991 జులైలో మన దేశం దగ్గర విదేశీ డబ్బు రెండు మూడు వారాల దిగుమతులకి సరిపడా మాత్రమే ఉండింది. రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారం ఇంగ్లండ్ బ్యాంకుకి పంపి తాకట్టు పెట్టింది, రూపాయి విలువ రెండు దఫాలుగా తగ్గించారు, 24వ తేదీన మన్మోహన్ సింగ్ బడ్జెట్ చదివారు, ప్రధాని మన పీవీ. అక్కడి నుంచి లైసెన్సులు పోయాయి, సుంకాలు దిగాయి, బయటి కంపెనీలు వచ్చాయి. 1995లో డబ్ల్యూటీఓ, అంటే ప్రపంచ వాణిజ్య సంస్థ, వచ్చింది. అంతకు ముందు కాలం బంగారు కాలం అనుకునేవాళ్లకి మా నాయన ఒక మాట చెప్తాడు, ఫోన్ కనెక్షన్‌కి అప్లికేషన్ పెట్టి ఏళ్ల తరబడి చూసి చూసి, ఫోన్ వచ్చేటప్పటికి ఎవరికి చేద్దామని పెట్టుకున్నాడో ఆ పెద్దాయన పోయాడంట. అప్పుడు ఆగేది కొనుక్కునేవాడు. ఇప్పుడు కొనుక్కునేవాడు ఆగక్కర్లేదు, గంటలో ఇంటికొస్తుంది.

తలుపులు తెరిస్తే అందరికీ లాభం అనే వాదనకి మూలపురుషుడు డేవిడ్ రికార్డో, 1817లో రాశాడు. ఇంగ్లండ్ బట్ట నేస్తే పోర్చుగల్ వైన్ చేస్తే, ఎవరు దేంట్లో పోలిస్తే మెరుగో అదే చేసి మార్చుకుంటే ఇద్దరికీ జాస్తి దక్కుతుంది అని. లెక్క ప్రకారం ఇది నిజంగానే నిజం, రెండొందల ఏళ్లుగా ఎవరూ కొట్టేయలేకపోయారు. కానీ ఆ లెక్కలో రెండు విషయాలు ముందే ఒప్పేసుకుని కూర్చున్నాడు. ఒకటి, బట్ట మానేసినోడు మరుసటి రోజే ద్రాక్షతోటలో పనికి పోగలడు అని. రెండు, డబ్బు దేశం దాటిపోదు అని. మామిడి చెట్టు కాపుకి రావడానికి అయిదారేళ్లు, కొట్టేసి ఇంకోటి పెడితే మళ్లీ అయిదారేళ్లు, మధ్యలో వాడు తినేదేంది అనేది ఆ లెక్కలో లేదు. డబ్బు సంగతంటారా, అది సింగపూర్ నుంచి మా పక్క బయటి కంపెనీలున్న శ్రీసిటీకి ఒక రాత్రిలో వస్తుంది, ఒక రాత్రిలో పోతుంది కూడా.

చెనక్కాయ కథ దీనికంటే పెద్దది, ఎందుకంటే అది నిశ్శబ్దంగా జరిగింది. మా అవ్వ కాలంలో చిత్తూరు జిల్లా అంటే చెనక్కాయ, తొలకరి పడితే మెట్ట చేలన్నీ అదే, ఇంట్లో గానుగ నూనె, చెక్క ఆవులకి, కట్టె పశువుల మేతకి, ఒక్క పంట ఇంటిల్లిపాదినీ సాకేది. 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టింది, తొంభైల మొదట్లో వంటనూనెలో మన దేశం దాదాపు సొంత కాళ్ల మీద నిలబడింది. 1994లో పామాయిల్ దిగుమతి ప్రైవేటు వాళ్లకి తెరిచారు, మొదట 65 శాతం సుంకం, 1998 కల్లా 15 శాతానికి దించారు. ఇవాళ మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటిదే, అందులో ఎక్కువ ఇండోనేషియా, మలేషియా పామాయిల్. చెనక్కాయ చేలు తగ్గడానికి కరువులు, బోర్లు ఎండడం, కూలి ఖర్చు, అడవి పందులు కూడా కారణమే, మొత్తం పామాయిల్ మీద తోసేస్తే అది కూడా అన్యాయం. కానీ అన్ని కష్టాల మధ్య రేటు కూడా పెరక్కపోతే ఇంగ ఎవడు వేస్తాడు?

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం, ఉజ్జాయింపు లెక్కే. మా ఇంట్లో నెలకి నాలుగు లీటర్ల నూనె. బయటి నూనె రావడం వల్ల లీటరుకి 20 రూపాయలు మిగులుతుంది అనుకుంటే నెలకి 80, ఏడాదికి వెయ్యి లోపు. బజ్జీల బండి నుంచి బిస్కెట్ ప్యాకెట్ దాకా ఇదే మిగులు కోట్ల మందికి వస్తుంది, కూడితే కొండంత, అందుకే లెక్కల్లో దేశానికి లాభం అని వస్తుంది, అది మోసం కూడా కాదు. కానీ ఆ వెయ్యి కోసం నేను ఏ రోజూ ధర్నా చెయ్యను, మిగిలిందని కూడా నాకు తెలీదు. నాలుగెకరాల చెనక్కాయ వేసినోడికి మాత్రం బస్తా రేటు పడితే ఆ ఏడాది బతుకే పోయినట్టు. లాభమేమో పది మంది నాలుక మీద పంచదార పలుకులు, నష్టమేమో ఒకడి నెత్తిన రోకలి పోటు. అందుకే ఈ విషయం మీద మాట్లాడుకుంటే ఎప్పుడూ ఒకరి మాట ఒకరికి అర్థం కాదు, ఒకడు కొండ చూపిస్తాడు, ఇంకొకడు బొప్పి చూపిస్తాడు.

పైగా ఒకసారి బయటివాడి మీద ఆధారపడ్డాక వాడు తలుపు వేస్తే? 2022 ఏప్రిల్ 28 నుంచి ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది, మే 23కి మళ్లీ తెరిచింది. ఆ నెల్లో తిరుపతిలో నేను రోజూ బజ్జీలు తినే బండి దగ్గర అక్క "అన్నా, ఆ ఇండోనేషియావోడు ఎప్పుడు వదుల్తాడంట?" అని అడిగింది. ప్లేటు మీద అయిదు పెంచింది, మళ్లీ దించలేదనుకోండి, అది వేరే విషయం.

చాలామంది అనుకునేది ఇదంతా డబ్ల్యూటీఓ మన మెడ మీద కత్తి పెట్టి చేయించింది అని. పామాయిల్ మీద మనం డబ్ల్యూటీఓకి రాసిచ్చిన గరిష్ట సుంకం 300 శాతం. అంటే అంత దాకా వేసుకోవచ్చు, ఎవడూ అడగడు. ఎంత వెయ్యాలి అనేది ఢిల్లీలో తేలేదే. 2024 సెప్టెంబర్లో ముడి పామాయిల్ మీద మొత్తం సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు, రైతుకి మంచిదని. తొమ్మిది నెలలు తిరక్కుండానే 2025 మే 30న 16.5కి దించారు, ధరలు పెరిగాయని. విత్తనం వేసే ముందు ఒక మాట, పంట చేతికొచ్చే లోపల ఇంకో మాట. రైతు చూసే గ్లోబలైజేషన్ చాలా మటుకు ఇదే, సింగపూర్‌లోనో జెనీవాలోనో కాదు, మన బడ్జెట్ కాగితంలో ఒక అంకె మారడం.

పట్టుగూళ్ల విషయంలో ఇది ఇంకా ఘాటుగా కనపడుతుంది. పలమనేరు, కుప్పం, వి.కోట పక్క మల్బరీ తోటలు, పట్టుపురుగుల షెడ్లు బాగా ఉన్నాయి. 2011 బడ్జెట్లో ముడి పట్టు మీద దిగుమతి సుంకం 30 శాతం నుంచి ఒకేసారి 5 శాతానికి దించారు. చైనా దారం చవగ్గా వస్తుంటే మన గూళ్ల రేటు కూలిపోయింది, 2013లో మళ్లీ 15కి పెంచారు. ఆ రెండేళ్లలో మల్బరీ పీకేసినోళ్లు ఉన్నారు. అయితే అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గం మీద పట్టుచీర నేసేవాళ్లని అడిగితే సుంకం తగ్గడం మంచిదే అంటారు, వాళ్లకి దారం కొనే ఖర్చే పెద్ద ఖర్చు, పైగా చైనా దారం తెగకుండా సాఫీగా నడుస్తుంది. ఒకే బస్సులో పలమనేరులో ఎక్కినోడు ఏడుస్తుంటాడు, మదనపల్లెలో దిగేవాడు నవ్వుతుంటాడు. ఇద్దరూ పేదోళ్లే. గ్లోబలైజేషన్ అంటే పెద్దోడు పేదోణ్ణి ముంచడం అనే సింపుల్ కథ ఇక్కడ పనిచెయ్యదు, ఒక పేదోడి ఖర్చు ఇంకో పేదోడి ఆదాయం.

ఇప్పుడు లాభం వైపు. ఇది కళ్లతో చూడాలంటే తెల్లవారుజామున అయిదింటికి సత్యవేడు, వరదయ్యపాళెం, తడ రోడ్డు మీద నిలబడాలి. కంపెనీ బస్సులు వరసగా, కిటికీల్లో నిద్ర తూగుతున్న ఆడపిల్లల తలలు. శ్రీసిటీ 2008లో మొదలైంది, ఇసుజు, మాండలీజ్, కెల్లాగ్స్, డైకిన్, కోబెల్కో ఇట్లా జపాన్ నుంచి అమెరికా దాకా కంపెనీలు వచ్చాయి. 2015లో ఫాక్స్‌కాన్ ఇక్కడ షావోమీ ఫోన్లు బిగించడం మొదలుపెట్టింది, 2025 మేలో ఎల్జీ 5,000 కోట్ల ప్లాంటుకి శంకుస్థాపన చేసింది. మా పిన్నమ్మ కూతురు అక్కడే ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేస్తోంది, ఇంటర్ చదివింది. చేతికి కరెంటు పట్టకుండా ఒక పట్టీ, తలకి టోపీ, ఎనిమిది గంటలు నిలబడి ఒకే రకం స్క్రూ. ఆ జీతంతో తనకి రెండు జతల కమ్మలు, తమ్ముడికి పాలిటెక్నిక్ ఫీజు, ఇంట్లో వాషింగ్ మెషిన్ వచ్చాయి. అన్నిటికంటే పెద్దది, పందొమ్మిదేళ్లకి చెయ్యాల్సిన పెళ్లి ఇరవై నాలుగు దాకా తనే ఆపుకోగలిగింది. "నేను సంపాదిస్తాండానని ఇంట్లో నా మాట ఇంటారు అన్నా" అంది. ప్రపంచ బ్యాంకు పాత పేదరిక గీత, రోజుకి 1.90 డాలర్ల లోపు బతికేవాళ్లు 1990లో ప్రపంచంలో మూడో వంతుకి పైగా ఉంటే 2019 నాటికి పదో వంతు లోపుకి వచ్చారు అని చదివినప్పుడు నాకు ఆ అంకె కంటే ఈ పిల్ల వాషింగ్ మెషినే గుర్తొస్తుంది. ఎక్కువ తగ్గింది చైనాలో అనుకోండి, వాళ్లు తలుపు తెరిచింది కూడా తమకి కావల్సినప్పుడు కావల్సినంతే.

కానీ తను కాంట్రాక్టు మనిషి. ఏజెన్సీ మాయమాటలు, రెన్యూవల్ భయం, ఆర్డర్లు తగ్గిన నెల్లో "మళ్లీ ఫోన్ చేస్తాం" అని ఇంటికి పంపించడం, ఇవన్నీ ఉన్నాయి. కంపెనీ ఒక క్వార్టర్ నష్టం తట్టుకోగలదు, ఈ పిల్ల ఒక నెల జీతం లేకపోతే చీటీ కట్టలేదు. తమిళనాడు పొలిమేర దాటితే శ్రీపెరంబుదూరు, అక్కడ 2006లో నోకియా ఫ్యాక్టరీ వచ్చింది, వేలమంది కుర్రాళ్లు పిల్లలు చేరారు, ఒక దశలో ప్రపంచంలోనే పెద్ద ఫోన్ ఫ్యాక్టరీల్లో అదొకటి. 2014 నవంబర్ 1న మూతపడింది. పన్ను గొడవ, నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ కొనడం, స్మార్ట్‌ఫోన్లు రావడం, కారణాలు ఎన్నైనా ఉండనీ, ఎనిమిదేళ్లు స్క్రూ బిగించడం నేర్చుకున్నోళ్ల చేతిలో మిగిలింది ఆ స్క్రూనే.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ తిరుపతి పక్కనే కరకంబాడిలో ఉంది. 1985లో గల్లా రామచంద్ర నాయుడు పెట్టిన అమర రాజా 1997లో అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్‌తో చేతులు కలిపింది, 2000లో అమరాన్ బ్యాటరీ తెచ్చింది, ఇరవై ఏళ్లు వాళ్ల టెక్నాలజీతో కలిసి నడిచి 2019లో విడిపోయినా కంపెనీ నిలబడింది, ఇప్పుడు బ్యాటరీలు బయటి దేశాలకి పోతున్నాయి. బయటివాడు వచ్చినప్పుడు వాడి డబ్బు కంటే వాడి పనితనం మన దగ్గర ఎంత ఉండిపోయింది అనేది చూడాలి, నన్నడిగితే ఏ ఎంఓయూ (పెట్టుబడి ఒప్పందం) ఫోటో చూసినా అడగాల్సింది ఇదొక్కటే, కానీ వార్తల్లో ఎన్ని వేల కోట్లు, ఎన్ని వేల ఉద్యోగాలు అనేదే వస్తుంది.

తిరుపతి వాడిగా తలనీలాల గురించి చెప్పకపోతే ఎట్లా. కళ్యాణకట్టలో మొక్కు తీర్చుకుని పోయేవాళ్ల జుట్టుని టీటీడీ పొడుగు ప్రకారం రకాలుగా విడదీసి ఈ-వేలంలో అమ్ముతుంది, అది విగ్గులై ఎక్కడెక్కడో తేలుతుంది. 2004 మేలో జెరూసలేంలో ఒక పెద్ద యూదు మతగురువు, గుడిలో పూజలో భాగంగా ఇచ్చిన జుట్టుతో చేసిన విగ్గు మనం పెట్టుకోకూడదు అని తీర్పు చెప్పేసరికి న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వీధుల్లో ఆడవాళ్లు విగ్గులు కుప్ప పోసి తగలబెట్టారు. మన కొండ మీద మొక్కుకి అక్కడ మతం అడ్డొచ్చింది, ఏ సుంకాల పట్టికలోనూ లేని అడ్డు. ఎర్రచందనం సంగతి దీనికి తిరగబడి, చట్టం తలుపు వేసేసింది, అయినా సముద్రం అవతల గిరాకీ ఉన్నంతకాలం శేషాచలంలో గొడ్డలి చప్పుడు ఆగలేదు. దుంగ దాటించే పెద్దోళ్లు దొరకరు, కూలికి కొట్టేవాడు దొరుకుతాడు, కొన్నిసార్లు ప్రాణం కూడా పోతుంది.

మనుషుల ఎగుమతి గురించి రెండు ముక్కలు. సరుకు, డబ్బు దేశాలు దాటినంత తేలిగ్గా మనిషి దాటలేడు, గ్లోబలైజేషన్లో అన్నిటికంటే ఎక్కువ గేట్లున్నది మనిషికే. అయినా 2024లో బయట ఉన్న మనవాళ్లు దేశానికి పంపింది దాదాపు 129 బిలియన్ డాలర్లు, ప్రపంచంలో ఏ దేశానికీ అంత రాదు. పీలేరు, రాయచోటి పక్క ఊళ్లలో రంగు రంగుల మిద్దెలు చూస్తే అందులో కువైట్ ఎంతో తెలుస్తుంది. మా మామ కొడుకు కూడా అక్కడే డ్రైవరు. వాడొకసారి సూపర్ మార్కెట్లో మామిడి జ్యూస్ డబ్బా ఫోటో పంపించాడు, ధర 250 ఫిల్సు, మన లెక్కలో డెబ్బై రూపాయలు. మామ ఫోన్ దూరంగా పెట్టుకుని చూసి "దీంట్లో మన కాయెంత ఉంటాది?" అన్నాడు. నేను లెక్కేసి చెప్పా, గుజ్జు పావు వంతు అనుకున్నా ఒక కాయలో సగం కూడా పట్టదు మామా, రూపాయి కాయ కూడా కాదు. మిగతా అరవై తొమ్మిది డబ్బాకి, ఓడకి, బ్రాండుకి, షాపుకి. మామ కోపం తెచ్చుకుంటాడనుకున్నా, "అయితే మనం ఓడ కొనాల్సింది" అని నవ్వేశాడు.

అయితే తలుపులు మూసేద్దామా? మూసేస్తే జిల్లాలో పండే తోతాపురి అంతా మనమే తాగాలి, తాగలేం. 2023 జులైలో మదనపల్లెలో టమోటా రేటు ఆకాశానికి పోయినప్పుడు ఆగస్టులో కేంద్రం నేపాల్ నుంచి తెప్పిస్తున్నాం అని పార్లమెంటులో చెప్పింది. రైతుకి నాలుగేళ్లకొకసారి దక్కే రేటు వచ్చినప్పుడు వారాల్లో దిగుమతి కదులుతుంది, అదే రేటు పడిపోయి గంపలు రోడ్డు మీద పారబోసినప్పుడు ఎగుమతికి అంత తొందర ఎవరూ పడరు. నాకు కోపం వచ్చేది తలుపు తెరిచినందుకు కాదు, అది ఎప్పుడూ ఒకే వైపుకి తెరుచుకునేలా బిగించినందుకు. ఈ బిగింపు కొత్తది కూడా కాదు. మన కోరమండల్ తీరం కలంకారీ బట్టలు యూరప్‌ని ఊపేస్తుంటే అక్కడి నేతగాళ్లు గోల చేశారు, ఇంగ్లండ్ 1700లోనూ 1721లోనూ చట్టాలు చేసి అద్దకం బట్టలు ఆపేసింది. స్వేచ్ఛా వ్యాపారం గొప్పదని వాళ్లు ప్రపంచానికి చెప్పడం మొదలుపెట్టింది మిల్లులు నిలబడ్డాకే. శ్రీకాళహస్తిలో ఇప్పటికీ వెదురు కలంతో గీస్తున్నోళ్ల పక్కనే, అదే డిజైన్ ప్రింటు కొట్టిన చీర పదో వంతు ధరకి దొరుకుతుంది, కొనేవాళ్లలో మన ఇంట్లోవాళ్లే ఎక్కువ.

మరి ఏం చెయ్యాలి అంటే, ఆగలేనోణ్ణి నాలుగు రోజులు ఎక్కువ ఆగగలిగేలా చెయ్యడమే నాకు తెలిసి సగం పని. కోతకి ముందే, అంటే ఏప్రిల్లోనే, ఎవరు ఎంత కొంటారో రేటుతో సహా కాగితం మీద ఉండాలి. ట్రాక్టర్ లైను బదులు టోకెన్ ఇచ్చి ఆ రోజే కోసుకురమ్మంటే చాలు, పెద్ద ఖర్చు కూడా కాదు. రైతులు కలిసి గుజ్జు తీయించుకుని డ్రమ్ములు తమ పేరు మీద గోడౌన్లో పెట్టుకోగలిగితే, ఆ రసీదు మీద బ్యాంకు అప్పిస్తే, రెండేళ్ల గడువు రైతు చేతికి వస్తుంది. సుంకం మార్చాలంటే విత్తనం వేసే ముందు మార్చాలి, వేశాక ఆ పంట అయ్యేదాకా ముట్టుకోకూడదు. దిగుమతుల వల్ల పని పోయినోళ్లకి ట్రైనింగు, భృతి ఇచ్చే చట్టం అమెరికాలో 1962 నుంచి ఉండింది, అది కూడా అరకొరగానే నడిచి 2022లో కొత్తవాళ్లని తీసుకోవడం ఆపేశారు, మన దగ్గర అట్లాంటిది పేరుకి కూడా లేదు. లాభపడిన కోట్ల మంది దగ్గర నుంచి తలా పది రూపాయలు తీసి దెబ్బ తిన్నోడికి ఇచ్చినా ఇంకా లాభమే మిగులుతుంది అని పుస్తకాలు చెప్తాయి, నిజమే, ఆ తీసి ఇచ్చే పని మాత్రం ఏ పుస్తకమూ చెయ్యదు.

2026 సంక్రాంతికి ఊరికి పోతే మామ తోటలో ఇరవై చెట్లకి తలలు కొట్టేసి ఉన్నాయి. గుండె జారింది, అందరూ కొట్టేస్తున్నారని విన్నా కదా. కొట్టెయ్యడం కాదంట, మొద్దుల మీద బేనీషా అంటు కట్టించాడు, తినే పండు కాబట్టి మద్రాసుకీ బెంగుళూరుకీ పోతుంది, ఫ్యాక్టరీ గేటు చూడక్కర్లేదు అన్నాడు. మిగతా చెట్లు తోతాపురి అట్లే ఉంచాడు. అంటు కాపుకొచ్చేదాకా రెండు మూడేళ్లు ఏం చేస్తావ్ అంటే దొడ్లో రెండు జెర్సీ ఆవుల్ని చూపించాడు, పాలు పొద్దున సాయంత్రం వ్యానుకి పోస్తే పదిరోజులకొకసారి బిల్లు.

పాల మాట వచ్చింది కదా అని నేను నాకు తెలిసిన జ్ఞానమంతా దించా. 2019 నవంబర్లో బ్యాంకాక్‌లో ఆర్సెప్ అనే పెద్ద వ్యాపార ఒప్పందం నుంచి మన దేశం బయటికి వచ్చేసింది మామా, న్యూజిలాండ్ ఆస్ట్రేలియా పాలపొడి వచ్చి పడితే మన పాడి రైతులు నిలవలేరు అనేది అందులో ఒక పెద్ద కారణం, మొన్న డిసెంబర్లో న్యూజిలాండ్‌తో విడిగా ఒప్పందం కుదిరింది అన్నప్పుడు కూడా పాలని పక్కన పెట్టారు, నీ ఆవులకి భయం లేదు అని.

మామ చెంబుతో నీళ్లు చల్లి పొదుగు కడుగుతూ అంతా విన్నాడు.

"ఎన్నేండ్లకి రాసుకున్నారంట?" అన్నాడు.

రోడ్డు మీద పాల వ్యాను హారన్ వినిపిస్తే క్యాను నా చేతికిచ్చి పరిగెత్తమన్నాడు, అది రెండు నిమిషాలకి మించి ఆగదంట.